మిద్దె మీద స్ట్రాబెర్రీ – 5వ పాఠం: బూడిద రంగు బూజు

పోయిన పాఠంలో పూత గురించి చెప్పుకున్నాం. అక్టోబరులో నాటినవాళ్ల కుండీల్లో ఈపాటికి తెల్లటి పూలు, పక్కనే పచ్చి కాయలు ఉండాలి. ఒకటో రెండో ఎర్రబడి ఉంటాయి. రేపు కోద్దాంలే అని ఊరుకుంటారు. తెల్లారి చూస్తే పండుకు ఓ పక్క గోధుమ రంగు మచ్చ, దాని మీద బూడిద రంగు నూగు!

ముందు పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. మనవాళ్లు బూడిద తెగులు అనేది వేరు. అది ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు వస్తుంది, స్ట్రాబెర్రీలో ఆకుల అంచులు పైకి ముడుచుకుంటాయి. మన పండు మీదున్నది బోట్రైటిస్ సినెరియా అనే శిలీంద్రం. దుకాణానికి వెళ్లి 'బూడిద' అన్నారంటే గంధకం పొట్లం చేతిలో పెడతారు. అది బూడిద తెగులుకు మందు, ఈ బూజును ఆపదు.

పండు చితికి నీరు కారుతూ, పొడుగాటి పోగుల చివర నల్లటి చుక్కలు కనిపిస్తే అది రొట్టె మీద పట్టే రైజోపస్ బూజు. బోట్రైటిస్ మచ్చ మొదట్లో అంతగా నీరు కారదు. వేలితో తడితే సన్నటి పొగలా లేస్తుంది. నేనూ తట్టి చూశాను, మీరు ఆ పని చెయ్యకండి. ఆ పొగంతా విత్తనమే.

ఇక అసలు సంగతి. బూజు ఇవాళ కనిపించినా, చాలాసార్లు అది లోపలికి దూరింది పూత రోజుల్లోనే. వాడుతున్న రేకుల మీద, కేసరాల మీద మొలకెత్తి, పిందె మొదట్లోకి చేరి, కాయ పచ్చిగా ఉన్నన్నాళ్లూ కిక్కురుమనకుండా పడుకుంటుంది. పండులో తీపి ఎక్కగానే లేస్తుంది. ముచ్చిక దగ్గర మొదలయ్యే బూజు చాలావరకు ఇలాంటిదే. అందుకే పండు మీద ఏది చల్లినా ఆలస్యమే.

దానికి కావలసింది 15 నుంచి 25 డిగ్రీల చల్లదనం, గంటల తరబడి ఆరని తడి. లంబసింగిలో సాగుచేసేవాళ్లకు ఆ తడిని పొగమంచే తెచ్చిపెడుతుంది. హైదరాబాదు చలికాలం పగలు పొడిగానే ఉంటుంది కదా, మరి మన మిద్దె మీదికి తడి ఎక్కడిది? సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రోజ్‌క్యాన్‌తో పైనుంచి పోస్తున్నాం చూడండి, అదే. నీళ్లు పొద్దున్నే, మట్టి మీదే పొయ్యండి. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే సగం బాధ పోతుంది.

మిగతా సగం కత్తెర పని. ఈ శిలీంద్రం ఎండుటాకుల మీద హాయిగా బతుకుతుంది. వారానికోసారి, ఎండెక్కి ఆకులు పొడిగా ఉన్నప్పుడు, పండుటాకులు, పిందెలకు అంటుకున్న వాడిన రేకులు తీసెయ్యండి. బూజు పట్టినవి చివర్లో తీసి, నేరుగా సంచిలో వేసి మూతి కట్టండి. కంపోస్టులో వెయ్యొద్దు. ఆ తరవాత కత్తెర, చేతులు కడుక్కోండి. ఆ పండుకు ఆనుకుని ఉన్న పండ్లను తిప్పి చూడండి, ఒకదాన్నుంచి ఒకటి అంటించుకుంటాయి.

కాయల కింద వరిగడ్డి పరిస్తే తడిమట్టి తగలదు. కుండీ అంచు మీంచి గెలను బయటికి వేలాడదీస్తే ఇంకా మేలు. పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క మొక్కే. పూత మొదలయ్యాక వేరుశనగ చెక్క నీళ్లు తగ్గించండి, లేకపోతే ఆకు గుబురెక్కి లోపల గాలాడదు.

తెగులు శిలీంద్రాలను అణిచే మేలుచేసే శిలీంద్రం ట్రైకోడెర్మా చల్లమంటారా? పూత దశలో చల్లితే కొంత ఉపయోగం. పది కుండీలకు నేనైతే కత్తెరతోనే సరిపెడతాను. బూజు పట్టిన పండును ఆ ముక్క కోసేసి తినొద్దు, మెత్తటి పండులో అది కంటికి కనిపించినంత మేరే ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టినా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. పండ్లను కడగడం తినబోయే ముందే.

ఈ వారం అభ్యాసం: ఇవాళ విచ్చిన పూలలో ఐదింటికి ఎర్రదారం, ఐదింటికి తెల్లదారం కట్టి తేదీ రాసుకోండి. ఎర్రదారం వాటికి వాడిన రేకులు రోజూ తియ్యండి, తెల్లదారం వాటిని అలాగే వదిలెయ్యండి. పండటానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా 6వ పాఠంలో తీగల నుంచి పిల్లమొక్కలు తియ్యడం చూద్దాం.