క్రెడిట్ కార్డు వాడుతూ వడ్డీ కట్టకుండా ఉండటం ఎలా?

చుట్టాల్లో గానీ ఆఫీసులో గానీ ఎవరికి కార్డు బిల్లు అర్థం కాకపోయినా నా దగ్గరికి తెస్తారు. ఇన్నేళ్ళలో ఎన్ని బిల్లులు విప్పి చూశానో లెక్కలేదు, కానీ దాదాపు అన్నిట్లోనూ కనిపించిన తప్పు ఒక్కటే. కార్డు గీకడం అందరికీ వచ్చు, ఏ షాపులో ఎంత క్యాష్‌బ్యాక్ వస్తుందో నోటికి చెప్తారు, బిల్లు కట్టే దగ్గరే బోల్తా పడతారు. అందుకే మిగతావన్నీ త్వరగా చెప్పేసి, ఆ బిల్లు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు లాభమెంతో, నష్టమెంతో చూసుకోండి. మామూలు కార్డు మీద క్యాష్‌బ్యాక్‌గానో పాయింట్లుగానో మనకు దక్కేది ఖర్చులో ఒక శాతం అటూ ఇటూగా ఉంటుంది. కిరాణా, కరెంటు బిల్లు, ఫోన్ రీఛార్జ్ అన్నీ కలిపి నెలకు 20,000 కార్డు మీద ఖర్చు పెట్టే ఇంటికి నెలకు 200 వస్తుంది, ఏడాదికి 2,400. దానితోపాటు బిల్లు గడువు దాకా మన డబ్బు మన ఖాతాలోనే ఉంటుంది, సమయానికి కడుతుంటే మన అప్పుల చరిత్ర చూసి సిబిల్ అనే సంస్థ ఇచ్చే స్కోరు పెరుగుతుంది, రేపు ఇంటి లోనుకు వెళ్ళినప్పుడు అది పనికొస్తుంది. ఇవి నిజమైన లాభాలే, నేను కాదనను.

ఇక రెండో వైపు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం, కొన్నిటి మీద ఇంకా ఎక్కువ. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలంటే ఇంట్లో పది రోజులు మాట్లాడుకునే మనిషి, నాలుగు రూపాయల వడ్డీకి ఫోన్‌లో ఒక బటన్ నొక్కి ఒప్పేసుకుంటున్నాడు. కార్డు బాకీ మీద 30 శాతానికి మించి వడ్డీ తీసుకోకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి చట్టం అడ్డుపడుతుందని ఎదురుచూడకండి, మన జాగ్రత్తే మనకు దిక్కు.

మొదటి పని, కార్డు ఎంచుకోవడం. ఒక్క కార్డు చాలు. రెండోది అక్కర్లేదు. జీతం పడే బ్యాంకులోనే, ఏడాది ఫీజు లేనిది తీసుకోండి. "లక్ష ఖర్చు పెడితే ఫీజు మాఫీ" అనే కార్డు తీసుకుంటే, ఏ ప్రయత్నమూ లేకుండా మీ ఖర్చు ఆ లక్ష దాటుతుందంటేనే తీసుకోండి. 500 ఫీజు తప్పించుకోవడానికి మార్చి నెలాఖరులో అక్కర్లేని మిక్సీలు కొన్నవాళ్ళను చూశాను. లిమిట్, అంటే కార్డు మీద వాడుకోగల గరిష్ఠ మొత్తం, మీ నెల ఖర్చుకు మూడున్నర రెట్లు ఉంటే సరిపోతుంది, ఎందుకంటే లిమిట్‌లో 30 శాతం లోపు వాడితే స్కోరుకు మంచిదంటారు. ఫోన్ చేసి లిమిట్ పెంచుతామంటే వద్దని చెప్పండి. మీరు ఒప్పుకోకుండా పెంచడానికి వాళ్ళకు హక్కు లేదు.

ఆరు కార్డులు పెట్టుకుని దేనికి ఏది వాడాలో పట్టిక రాసుకునే పద్ధతి ఒకటి ఉంది. ఆరు బిల్లులు, ఆరు తేదీలు, ఆరు పాస్‌వర్డ్‌లు. ఏడాదంతా దాని వెంట పడితే అదనంగా వచ్చేది మూడు నాలుగు వేలు, ఒక్క తేదీ మర్చిపోతే అదంతా పోతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. అసలు కార్డే వద్దనే పెద్దవాళ్ళ మాట కూడా నాకు ఒప్పుదల కాదు. డెబిట్ కార్డులో మోసం జరిగితే మన సొంత డబ్బు పోయి తర్వాత వెతుక్కోవాలి, క్రెడిట్ కార్డులో అయితే బిల్లు కట్టకముందే ఆ ఖర్చు నాది కాదని బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఒక్క కారణం చాలు ఒక కార్డు ఉంచుకోవడానికి.

రెండో పని, యాప్‌లో సెట్టింగులు. విదేశీ లావాదేవీలు ఆఫ్ చేయండి. పిన్ లేకుండా ట్యాప్ చేసి 5,000 దాకా తీసుకునే వీలుంటుంది, ఆ పరిమితి తగ్గించుకోండి లేదా మొత్తంగా ఆపేయండి. ఏటీఎంలో నగదు తీసే పరిమితి సున్నా చేయండి, ఎందుకంటే క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే ఫీజు వేరే, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు, వడ్డీ లేని గడువు అనేదే ఉండదు. ఎసెమ్మెస్ అలర్ట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. పది నిమిషాల పని.

మూడో పని, రెండు తేదీలు గుర్తుపెట్టుకోవడం. ఒకటి బిల్లు తయారయ్యే రోజు, రెండోది కట్టాల్సిన ఆఖరు రోజు. ఉదాహరణకు మీ బిల్లు ప్రతి నెలా 5న వస్తుంది, గడువు 25 అనుకుందాం. జులై 6న కొన్నది ఆగస్టు 5 బిల్లులోకి వస్తుంది, ఆగస్టు 25న కడతారు, అంటే 50 రోజులు వడ్డీ లేదు. ఆగస్టు 4న కొన్నదీ అదే బిల్లులోకి వస్తుంది, దానికి 21 రోజులే. "50 రోజుల దాకా వడ్డీ ఉండదు" అనే ప్రకటనకు అర్థం ఇంతే, ప్రతి కొనుగోలుకూ 50 రోజులు ఉండవు. మీ జీతం ఒకటో తారీఖున పడుతుంటే గడువు నెల మొదటి వారంలోకి వచ్చేలా బిల్లు తేదీ మార్పించుకోండి. కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, చాలామందికి ఇది తెలియదు.

ఇప్పుడు అసలు పని, బిల్లు కట్టడం.

బిల్లు తెరవగానే రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి టోటల్ డ్యూ, అంటే మొత్తం బాకీ. రెండోది మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది. రెండోది మామూలుగా మొదటిదానిలో ఐదు శాతం దగ్గర ఉంటుంది. మా ఆఫీసులో ఒక కుర్రాడు మినిమం కడితే ఆ నెలకు పని అయిపోయినట్టేనని నాలుగు నెలలు నమ్మాడు. దాన్ని కడితే లేటు ఫీజు తప్పుతుంది, బాకీ కట్టలేదని (డిఫాల్ట్ అని) సిబిల్‌కు వెళ్ళదు. అంతవరకే. వడ్డీ ఆగదు.

ఎంత వడ్డీనో కాగితం మీద చూద్దాం. జులై 10న 40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారు. ఆగస్టు 5న బిల్లు వచ్చింది, టోటల్ 40,000, మినిమం 2,000. ఆగస్టు 25న మీరు 2,000 కట్టి ఊరుకున్నారు. మిగిలిన 38,000 మీద వడ్డీ ఆగస్టు 25 నుంచి మొదలవుతుందని మీరు అనుకుంటారు, నేను అడిగిన ప్రతి ఒక్కరూ అలాగే అన్నారు. కాదు. ఫ్రిజ్ కొన్న రోజు నుంచి, జులై 10 నుంచి లెక్కేస్తారు. సెప్టెంబర్ 5 నాటికి 57 రోజులు. ఏడాదికి 42 శాతం చొప్పున అది రెండున్నర వేలు, జీఎస్టీ కలిపితే దాదాపు మూడు వేలు. అంటే 2,000 కట్టిన తర్వాత మీ బాకీ 41,000 అయింది. కొన్నప్పటికంటే ఎక్కువ. ఏడాదంతా కష్టపడి పోగుచేసిన 2,400 ఒక్క నెలలో పోయి, పైన ఇంకో ఆరు వందలు మన చేతి నుంచి.

ఇంకొకటుంది, ఇది ఇంకా దెబ్బకొడుతుంది. పాత బాకీ ఒక్క రూపాయి మిగిలినా, ఆ 50 రోజుల ఉచిత గడువు మొత్తం రద్దయిపోతుంది. ఆగస్టు 28న కొన్న పాల ప్యాకెట్ మీద కూడా ఆగస్టు 28 నుంచే వడ్డీ. చాలా కార్డుల్లో 40,000లో 39,000 కట్టి వెయ్యి వదిలేసినా ఇదే కథ, కట్టిన రోజు వరకు పెద్ద మొత్తం మీదే వడ్డీ పడుతుంది. మీ కార్డుతో పాటు వచ్చిన షరతుల కాగితంలో ఈ లెక్కకు ఒక ఉదాహరణ ఉంటుంది, ఒక్కసారి పెన్ను పట్టుకుని చదవండి.

కాబట్టి ఆటోపే, అంటే బిల్లు డబ్బు ఖాతా నుంచి దానంతటదే వెళ్ళే ఏర్పాటు పెట్టుకోండి, పెట్టుకునేటప్పుడు "టోటల్ అమౌంట్ డ్యూ" ఎంచుకోండి. ఆ ఫారంలో "మినిమం" అనే ఎంపిక కూడా ఉంటుంది, తొందరలో దాన్ని నొక్కేసినవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు. ఆటోపే పెట్టిన మొదటి నెల అది పనిచేయకపోవచ్చు, ఆ నెల మీ చేత్తో కట్టండి. ఖాతాలో డబ్బు లేక ఆటోపే తిరిగొస్తే ఇటు కార్డువాళ్ళూ అటు ఖాతా ఉన్న బ్యాంకూ ఫీజు వేస్తారు, అందుకే గడువుకు రెండు రోజుల ముందే ఖాతా చూసుకోవాలి. ఆటోపే ఉన్నా నేను బిల్లు వచ్చిన వారంలోనే కట్టేస్తాను, మీరూ అలాగే చేయండి, గడువు దాకా డబ్బు ఉంచుకుంటే వచ్చే సేవింగ్స్ వడ్డీ టీ ఖర్చుకు కూడా రాదు. గడువు దాటిన మూడు రోజుల వరకు లేటు ఫీజు వేయకూడదు, సిబిల్‌కు చెప్పకూడదు అనే నిబంధన ఉంది గానీ, దాన్ని అలవాటుగా వాడుకోకండి, వడ్డీకి ఆ మూడు రోజుల మినహాయింపు వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే కార్డు ఇంట్లో పెట్టేయండి, ఆ రోజు నుంచి ఒక్క రూపాయి కూడా గీకొద్దు. బ్యాంకులో బంగారం మీద అప్పు రూపాయి లోపు వడ్డీకి దొరుకుతుంది, దానితో కార్డు బాకీ మొత్తం ఒక్కసారిగా తీర్చేయండి. బంగారం తాకట్టు పెట్టడం నామోషీ అనుకుంటారు, నాలుగు రూపాయల వడ్డీ కట్టడం కంటే కాదు. మొత్తం తీర్చాక కూడా తర్వాతి బిల్లులో కొంత వడ్డీ కనిపిస్తుంది, బిల్లు తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య రోజులది. కంగారు పడకండి, అదీ కట్టేస్తే అక్కడితో అయిపోతుంది. ఆ చివరి బిల్లు చూడకుండా వదిలేసి మళ్ళీ మొదటికి వచ్చినవాళ్ళున్నారు.

ఒక్కటి మాత్రం చేయకండి. సెల్ షాపుల్లో, వీధి చివర "కార్డు బిల్లు కడతాం, స్వైప్ చేసి క్యాష్ ఇస్తాం" అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వందకు రెండో మూడో కమీషన్ తీసుకుని మీ బిల్లు వాళ్ళు కట్టి, అదే కార్డు మళ్ళీ గీకుతారు. బాకీ అంతే ఉంటుంది, నెలనెలా కమీషన్ పోతుంది. పైగా కొనని వస్తువు కొన్నట్టు చూపించడం కార్డు షరతులకు విరుద్ధం, బ్యాంకు పసిగడితే కార్డు ఆపేస్తుంది.

అలాగే మొహమాటం. "బావా, నీ కార్డు మీద ఆఫర్ ఉంది, ఫోన్ తీసుకుంటా, నెలనెలా నీకు పంపిస్తా" అని అడిగితే కుదరదని చెప్పండి. వాళ్ళు ఆలస్యం చేస్తే వడ్డీ మీది, స్కోరు మీది, చుట్టరికం కూడా చెడుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లులు పది లక్షలు దాటితే ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది, పదిమందికి కార్డు ఇచ్చేవాళ్ళు ఆ లెక్క కూడా చెప్పుకోవాల్సి వస్తుంది. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేదని చెప్పి ఇచ్చే నెలవారీ వాయిదాలు తీసుకున్నా వడ్డీ మీది జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి, అదే వస్తువు ఒకేసారి డబ్బు కడితే ఎంతకిస్తారో అడిగి చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

మీరు చేయని ఖర్చు కనిపిస్తే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, వెంటనే బ్యాంకుకు చెప్పండి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినది మీదే.

కార్డు ఇక వద్దనుకుంటే బాకీ మొత్తం తీర్చి, మిగిలిన పాయింట్లు వాడేసుకుని, రాతపూర్వకంగా మూసేయమని అడగండి. ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున వాళ్ళే మీకు ఇవ్వాలి. ఆఫర్లు చూపించి ఆపడానికి ఫోన్ చేస్తారు, ఈమెయిల్‌లోనే మాట్లాడండి. మూసినట్టు వచ్చిన ఈమెయిల్ దాచుకుని, రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టులో ఆ కార్డు పక్కన క్లోజ్డ్ అని ఉందో లేదో చూడండి. ఏడాదికి ఒక రిపోర్టు ఉచితంగానే ఇస్తారు.