పిల్లల్ని దత్తత తెచ్చుకోడానికి ఫారిన్ వెళ్తున్నారా, ఇవి చూస్కోండి

ముందు కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం అండి. దేశాల మధ్య దత్తతల మీద కుదిరిన 1993 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే, ఆ ఒప్పందం ఆర్టికల్ 5, 17 కింద కారా ఇచ్చే ఆమోదం లెటర్లు చేతికొచ్చేదాకా టికెట్ జోలికి పోవద్దు.

పాపకి ఆ దేశం పాస్‌పోర్టు ఉంటే అక్కడి మన ఎంబసీలో ఎంట్రీ వీసా తీసుకోవాలి, అది ఎప్పుడొస్తదో చెప్పలేం కాబట్టి రిటర్న్ డేట్ మార్చుకునే టికెట్టే కొనండి.

పాప అక్కడ కప్పుకున్న పాత దుప్పటి అడిగి తెచ్చుకోండి, ఉతకొద్దు, అలవాటైన వాసన పోతది, మా చిన్నది మూడు రాత్రులు దాని కొసే నోట్లో పెట్టుకుని పడుకుంది.

ఫ్లైట్ కిందికి దిగుతున్నప్పుడు పిల్లలకి చెవులు నొప్పి, పాలసీసా దగ్గరుంచండి.

వైజాగ్ నుంచి శ్రీకాకుళం కారులో వాంతి కవర్లు.

ఇంటికాడ చుట్టాలు ఒకేసారి దిగిపోయి ముద్దుగా పలాస జీడిపప్పు నోట్లో పెట్టేస్తారు, గొంతుకి అడ్డం పడితే కష్టం, వారం ఆగి రమ్మనండి. మా అత్త అలిగింది, అలగనీండి.