మ్యాన్ పేజీ ఫైల్‌గా మార్చాక తేడా కొడుతోందా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ కొత్తగా లినక్స్ పనిలో చేరిన మనవాళ్లు మ్యాన్ పేజీలను, అంటే కమాండ్ల వివరాలు చెప్పే సహాయ పేజీలను, ఫైల్‌గా మార్చి ఫోన్‌లో వేసుకుని మెట్రోలో చదువుతుంటారు. మంచి అలవాటే. ఫైల్ సరిగా రాకపోతే మాత్రం కన్వర్టర్‌ను తిడతారు. అయ్యా, ముందు ఆ పేజీ స్క్రీన్ మీద వస్తోందో లేదో చూడండి! కంటైనర్లలో (ప్రోగ్రాంలను విడిగా నడిపే చిన్న వాతావరణాల్లో) వాడే ఉబుంటు చిన్న ఇమేజ్‌లో మ్యాన్ పేజీలు తీసేసి ఉంటాయి. ఫైల్‌లో పడింది ఆ సంగతి చెప్పే నోటీసు. మామూలు మెషీన్‌లో చేసుకోండి.

హెల్ప్ స్క్రీన్ మీద కనబడుతోంది, ఫైల్ మాత్రం ఖాళీ

ఆ ప్రోగ్రాం హెల్ప్‌ను స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే తప్పుల సందేశాలు వెళ్లే దారిలోకి పంపుతోంది. ఆ దారి నంబరు 2, మామూలు అవుట్‌పుట్‌ది 1. 2ను 1లో కలపండి (2>&1). ఆ ముక్క ఫైల్ పేరు తర్వాతే రావాలి, ముందు పెడితే పనిచేయదు.

హెడ్డింగుల్లో ప్రతి అక్షరం రెండుసార్లు పడుతోంది

మ్యాక్‌లో ఎక్కువ. బోల్డ్ కోసం అక్షరం కొట్టి, బ్యాక్‌స్పేస్ వేసి, మళ్లీ అదే కొట్టే పాత పద్ధతి అది. కోల్ కమాండ్‌కు హైఫన్ బీ ఇచ్చి దాని గుండా పంపితే పోతుంది.

చూడటానికి అంతా బాగుంది, కాపీ చేసిన ఆప్షన్ నడవదు

జనం సాయంత్రాలు తగలేసుకునేది దీని దగ్గరే. హైఫన్ ఎల్ అని కనబడుతుంది, పేస్ట్ చేస్తే అలాంటి ఫైల్ లేదంటుంది. ఫైల్‌లో ఆ ఆప్షన్‌ను వెతికినా దొరకదు. పర్మిషన్లు చూస్తారు, ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, ఆ గీతను మాత్రం ఎవరూ అనుమానించరు.

కీబోర్డు గీత ఆస్కీలో 45. పేజీ రాసినవాళ్లు దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే, మ్యాన్ పేజీని తీర్చిదిద్దే గ్రాఫ్ (groff) ప్రోగ్రాం దాన్ని యూనికోడ్ 2010 నంబరు హైఫన్‌గా అచ్చేస్తుంది. కంటికి రెండూ ఒకటే, కమాండ్లు నడిపే షెల్‌కు కాదు. 2023లో వచ్చిన గ్రాఫ్ 1.23 ఈ విషయంలో పట్టు బిగించింది. డెబియన్ మాత్రం తన సెట్టింగ్‌తో మామూలు గీతనే ఉంచింది. అందుకే పక్క సీటువాడి మెషీన్‌లో బాగానే వస్తుంది, మీకు రాదు.

అనుమానం ఉంటే ఆ లైన్‌ను బైట్లు చూపే హెక్స్‌డంప్‌లో చూడండి. 2డీ (హెక్స్‌లో 45) ఉంటే మంచి గీత. ఈ2 80 90 ఉంటే దొంగ దొరికినట్టే. మ్యాన్ కమాండ్ ముందు భాష సెట్టింగ్ ఎల్‌సీ ఆల్‌ను (LC_ALL) సీ అని పెట్టి ఫైల్ మళ్లీ తీయండి. గీతలతో పాటు వంకర కొటేషన్లూ మామూలువై వస్తాయి. లైన్ చివర పదాలు విరిగి అదనపు గీతలు పడుతుంటే నో హైఫనేషన్ ఆప్షన్ కూడా ఇవ్వండి. పాత ఫైళ్లు చాలా ఉంటే వెతికి మార్చే సెడ్ కమాండ్‌తో మార్చేయొచ్చు. పీడీఎఫ్ చదువుకోవడానికే, అందులోంచి కమాండ్లు కాపీ చేయకండి.

మిగతావి

డెబియన్, ఉబుంటుల్లో హెచ్‌టీఎంఎల్ రాకపోతే గ్రాఫ్ బేస్ ఒక్కటే ఉన్నట్టు, పూర్తి గ్రాఫ్ ప్యాకేజీ వేయండి. ఫోన్‌లో లైన్లు విరిగిపోతుంటే లైన్ వెడల్పు చెప్పే మ్యాన్‌విడ్త్ సెట్టింగ్‌ను 50కి తగ్గించండి. ఫాంట్ గొడవలు అరుదు, వాటి జోలికి ఇప్పుడే పోవద్దు.