పైథాన్ సి ఎక్స్‌టెన్షన్‌లో మెమరీ లీక్: 1, 2, 3తో పరీక్షిస్తే దొరకదు

సమస్య

సి భాషలో రాసిన మాడ్యూల్ జవాబులు సరిగ్గానే ఇస్తుంటుంది. ప్రాసెస్ తినే మెమరీ మాత్రం గంటగంటకీ పెరుగుతుంది. రీస్టార్ట్ చేస్తే కొన్నాళ్లు ప్రశాంతం, తర్వాత మళ్ళీ అదే టెన్షన్. పైథాన్‌లో చెత్త ఏరే జీసీ.కలెక్ట్ పిలిచినా ఒరిగేదేమీ ఉండదు. ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే ఆబ్జెక్టులనే అది వెతుకుతుంది. మన సి కోడ్ లెక్క తప్పి వదలకుండా మిగిల్చిన రిఫరెన్సు (ఈ ఆబ్జెక్టు ఇంకా కావాలని పెట్టుకునే లెక్క, అది సున్నా అయితేనే మెమరీ తిరిగొస్తుంది) జోలికి రాదు.

ఎక్కడ కారుతోంది?

అనుమానమున్న ఫంక్షన్ ఒక్కదాన్నే లూపులో లక్షసార్లు పిలిచి, పదివేలకోసారి మెమరీ చూడండి. మొదట కాస్త పెరిగి ఆగిపోతే అది లీక్ కాకపోవచ్చు. ఆగకపోతే, పైథాన్ తీసుకునే మెమరీని లెక్కగట్టే ట్రేస్‌మాలాక్ (పైథాన్ 3.4 నుంచి ఉంది) పెట్టండి. అందులోనూ లెక్క పెరుగుతుంటే చాలావరకు పైథాన్ ఆబ్జెక్టులే మిగిలిపోతున్నట్టు. అందులో కదలిక లేకుండా ప్రాసెస్ మెమరీ ఒక్కటే పెరుగుతుంటే, నేరుగా సి మాలాక్‌తో తీసుకున్న మెమరీని ఫ్రీ చేయలేదేమో చూడండి.

ఇక్కడే నాకు ఓ పూట పోయింది. 1, 2, 3 ఇచ్చి చూస్తే లీకే కనబడలేదు. సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) 3.12లో -5 నుంచి 256 దాకా అంకెలు ముందే తయారై ఉంటాయి, ఎన్నిసార్లు అడిగినా అవే వస్తాయి. కొత్త ఆబ్జెక్టే పుట్టనప్పుడు ఇంక లీకయ్యేదేముంది? లక్ష దాటిన అంకెలిచ్చాకే బండారం బయటపడింది.

కారణం

పైలాంగ్_ఫ్రమ్‌లాంగ్‌తో అంకె తయారుచేస్తే దాని రిఫరెన్సు ఒకటి మన చేతికొస్తుంది. లిస్టు చివర చేర్చే పైలిస్ట్_అపెండ్ దాన్ని తీసుకోదు, తనకోసం ఇంకొకటి పెంచుకుంటుంది. లిస్టు పోయినా మనది అలాగే మిగులుతుంది. లిస్టులో ఓ స్థానంలో పెట్టే పైలిస్ట్_సెట్‌ఐటమ్ అయితే మన చేతిలోదే లాగేసుకుంటుంది. పక్కపక్కన ఉండే రెండు ఫంక్షన్లకు రెండు పద్ధతులు పెట్టడం అన్యాయమే, కానీ డాక్యుమెంటేషన్‌లో ఆ ముక్క స్పష్టంగానే ఉంది.

పరిష్కారం

అపెండ్ అయినా, విఫలమైనా, ఆ వెంటనే మన రిఫరెన్సును వదిలించే పై_డెక్‌రెఫ్ పిలవాలి. సెట్‌ఐటమ్ తర్వాత మాత్రం పిలవకండి, లీక్ పోయి క్రాష్ వస్తుంది. సెట్‌ఐటమ్ విఫలమైనా మన రిఫరెన్సును వదిలించేస్తుంది.

ఆ తర్వాత ఎర్రర్ దారులన్నీ చూడండి. మధ్యలో రిటర్న్ నల్ (ఖాళీ పాయింటర్) అని వెళ్లిపోయే ప్రతిచోటా అంతవరకు తయారైనవి మిగిలిపోతాయి. అన్నీ ఒకే క్లీనప్ లేబుల్‌కు మళ్లించి, అక్కడ పై_ఎక్స్‌డెక్‌రెఫ్ పెడితే మేలు. నల్ ఇచ్చినా దానికి ఇబ్బంది లేదు.

చివరగా అదే లూపును, పెద్ద అంకెలతోనే, మళ్ళీ నడపండి. తప్పుడు ఇన్‌పుట్‌తో కూడా ఓసారి.