చదవడంలో ఇబ్బంది పడే పిల్లలకు సర్టిఫికెట్, పరీక్ష సౌకర్యాలు: దరఖాస్తు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాప మూడో తరగతికి వచ్చినా గుణింతాలు కుదరడం లేదు. నోటితో అడిగితే పాఠమంతా చెబుతుంది, పుస్తకం చేతికిస్తే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటప్పుడు కొందరు తల్లిదండ్రులు నేరుగా ఆస్పత్రికి వెళ్తారు. ఇంకొందరు పదో తరగతి హాల్‌ టికెట్ల వేళకు వచ్చి అదనపు సమయం ఇమ్మని అడుగుతారు. మొదటి కాగితం స్కూల్లోనే పుట్టాలి, అదీ వీలైనంత చిన్న తరగతిలో.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. చదవడంలో వచ్చే డిస్‌లెక్సియా, రాయడంలో వచ్చే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వచ్చే డిస్‌కాల్క్యులియా దీని కిందికే వస్తాయి. వైకల్యం అనే మాట చూసి చాలా ఇళ్లలో దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. దయచేసి ఆపకండి. ఆ మాటకు తెలివి తక్కువని అర్థం కాదు. తెలివితేటలు బాగానే ఉండి, చదవడమో రాయడమో మాత్రమే కుదరని పిల్లల కోసమే ఈ విభాగం పెట్టారు.

స్కూల్లో ఏం అడగాలి

మూడో తరగతిలో గానీ, ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు టీచర్లు స్క్రీనింగ్‌ చేయాలని 2018లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. దీనికి ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ‘ప్రశస్త్‌’ అనే చెక్‌లిస్టు ఉంది, 2022లో యాప్‌గా కూడా వచ్చింది. మొదటి భాగం క్లాస్‌ టీచర్‌, రెండో భాగం స్పెషల్‌ ఎడ్యుకేటర్‌ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్‌) నింపుతారు. ఇది జబ్బు నిర్ధారణ కాదు, ఈ బిడ్డను ఇంకాస్త దగ్గరగా చూడాలని చెప్పే సూచన మాత్రమే.

నోటిమాటగా అడిగితే మర్చిపోతారు, కాబట్టి ప్రధానోపాధ్యాయులకు కాగితం మీద రాసివ్వండి. ఇలా రాస్తే చాలు:

“మా అమ్మాయి మీ స్కూల్లో మూడో తరగతి చదువుతోంది. విన్న పాఠం తిరిగి చెప్పగలుగుతుంది, అదే పాఠం చదవలేకపోతోంది. రోజూ సాయం చేస్తున్నా ఆరు నెలలుగా మార్పు లేదు. దయచేసి చదవడంలో ఇబ్బందులకు స్క్రీనింగ్‌ చేయించి, ఫలితం రాతపూర్వకంగా ఇవ్వగలరు.”

కింద మీరు గమనించినవి రాయండి. ‘సరిగా చదవదు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ప’, ‘వ’ తారుమారు చేస్తుంది, వత్తులు వదిలేస్తుంది, ఏత్వం ఉన్నచోట ఓత్వం చదువుతుంది, బోర్డు మీది పదం ఎత్తిరాసేటప్పుడు అక్షరాలు జారవిడుస్తుంది — ఇలా ఉండాలి. నోటుబుక్కులోని నాలుగైదు పేజీల జిరాక్సు జతచేయండి. రెండో ప్రతి మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. ఈ కాగితం రేపు డాక్టరు దగ్గరా పనికొస్తుంది.

క్లాసులో సాయానికి సర్టిఫికెట్‌ దాకా ఆగనక్కర్లేదు. ప్రశ్న చదివి వినిపించడం, జవాబు నోటితో చెప్పించుకోవడం, అందరి ముందూ నిలబెట్టి చదివించకపోవడం రేపటి నుంచే చేయొచ్చు. ప్రభుత్వ బడుల పిల్లలకైతే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం రిసోర్స్‌ టీచర్‌ను కలవండి.

సర్టిఫికెట్‌కు దరఖాస్తు

కేంద్రం నడిపే స్వావలంబన్‌ కార్డు పోర్టల్‌లో యూడీఐడీకి (వైకల్యం ఉన్నవారికిచ్చే గుర్తింపు కార్డుకు) దరఖాస్తు పెట్టాలి. ఆధార్‌, ఇటీవలి ఫొటో, చిరునామా ఆధారం కావాలి. వైకల్య పరీక్షకు తేదీని సదరం స్లాటు పేరుతో ఇచ్చే చోట సచివాలయంలోనో మీసేవలోనో అడగండి. ఆస్పత్రిని ఎంచుకునే ముందు అక్కడ పిల్లల డాక్టరు, క్లినికల్‌ సైకాలజిస్టు ఉన్నారో లేదో కనుక్కుంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

ముందు కళ్లు, చెవులు చూస్తారు. అద్దాలతో తీరే సమస్య అయితే అక్కడే తీరిపోతుంది. తర్వాత తెలివితేటల పరీక్ష, ఆపైన చదవడం, రాయడం, లెక్కల పరీక్ష. ఒక్క పూటలో కాకపోవచ్చు. ముందురోజు కూర్చోబెట్టి చదివించి టెన్షన్‌ పెట్టకండి. బిడ్డ మామూలుగా ఎలా చదువుతుందో అదే వాళ్లకు కనపడాలి. ఏ మీడియంలో చదువుతోందో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే చెప్పండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు అయితే కొత్త భాష రాకపోవడం వేరు, అక్షరమే పట్టుబడకపోవడం వేరు. ఈ తేడా పట్టుకోవడానికి మీరిచ్చే సమాచారమే ఆధారం.

2024లో సవరించిన నిబంధనల ప్రకారం సర్టిఫికెట్‌ ఇవ్వడానికి మూడు నెలల గడువు ఉంది. కార్డు రంగు వైకల్య శాతాన్ని బట్టి ఉంటుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, ఆపైన నీలం. దాని మీద చెల్లుబాటు తేదీ ఉంటే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి, చిన్న వయసులో ఇచ్చినవి మళ్లీ పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది.

బోర్డు పరీక్షలకు

సౌకర్యాల కోసం బోర్డుకు మీరు నేరుగా రాయక్కర్లేదు, స్కూలు ద్వారానే వెళ్లాలి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పేపరుకు గంట, రెండు గంటల పేపరుకు 40 నిమిషాలు అదనం. చెప్పిన జవాబు రాసిపెట్టే స్క్రైబ్‌ను గానీ, ప్రశ్నలు చదివి వినిపించే రీడర్‌ను గానీ పెట్టుకోవచ్చు. మూడో భాష నుంచి మినహాయింపు కూడా ఉంది. రాష్ట్ర బోర్డుల నియమాలు వేరుగా ఉంటాయి, ఆ ఏడాది సర్క్యులర్‌ చూపించమని స్కూల్లో అడగండి.

సర్టిఫికెట్‌ కాపీ, సౌకర్యాల అభ్యర్థన తొమ్మిదో తరగతిలోనే ఇచ్చేయండి. మనసులోని జవాబును ఇంకొకరికి చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అందుకే స్క్రైబ్‌ను యూనిట్‌ టెస్టుల నుంచే ఇవ్వమని అదే దరఖాస్తులో అడగండి.