అన్నం మానేముందు గిన్నె తూచండి

బరువు తగ్గాలని నిశ్చయించుకున్న మర్నాడే అన్నం మానేసి, రెండు పుల్కాలతో సరిపెట్టుకునేవాళ్ళు మా స్టాఫ్ రూములో ఏటా జనవరిలో కనబడతారు. వారం తిరక్కుండా నీరసం, తలనొప్పి, చిరాకు. ఆదివారం బిర్యానీతో దీక్ష ముగుస్తుంది. 'మా ఒంటితత్వమే అంత' అనుకుని వదిలేస్తారు. వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పట్టుదల లేక ఓడిపోయినవాళ్ళు కాదు వాళ్ళు. తాము ఎంత తింటున్నారో లెక్క తెలియకుండా తగ్గించడానికి దిగినవాళ్ళు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మాది గుంటూరు. ఇంట్లో మా అత్తగారు, మావారు, ఇంటర్ చదివే అబ్బాయి, నేను. ఒక్క వంట, నాలుగు కంచాలు. ఎవరి భోజనం వాళ్ళు విడిగా వండుకునే చోట పనికొచ్చే సలహాలు ఇలాంటి ఇంట్లో సాగవు. 'సాంబారు ఒక కప్పు' అని యాప్ చూపించే అంకె ఎవరి సాంబారుదో ఎవరికి తెలుసు? మన ఇంటి పప్పులో నూనె ఎంత పడిందో మన వంటింటికే తెలియాలి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట: కంచం కంటే ముందు గిన్నెను కొలవండి.

రెండు వారాలు రాయడం ఒక్కటే పని

మొదటి రెండు వారాలు తిండిలో ఏమీ మార్చవద్దు. రోజూ తినేదే తినండి, తిన్నది తిన్నట్టు రాయండి. రాత్రి పడుకోబోయే ముందు గుర్తు తెచ్చుకుని రాస్తే సగం జారిపోతుంది కాబట్టి తిన్న వెంటనే రాయాలి. నోటుపుస్తకమైనా సరే, ఫోనైనా సరే. నాకు పుస్తకమే నచ్చుతుంది. వంటింట్లో గట్టు మీద పెన్నుతో సహా ఉంటుంది, తడిచేత్తోనైనా ఒక గీత గీయవచ్చు.

మొదట్లో గ్రాముల గొడవ కూడా అక్కరలేదు. 'అన్నం రెండు హస్తాలు, పప్పు గరిటె, నెయ్యి చెంచా, మజ్జిగ గ్లాసు' అని రాసుకుంటే చాలు. అయితే భోజనంగా లెక్కలోకి రానివి తప్పకుండా రాయండి. పోపు వేస్తూ నోట్లో వేసుకున్న పల్లీలు, అబ్బాయి వదిలేసిన అట్టు ముక్క, గుడిలో పెట్టిన చక్కెరపొంగలి, ఎవరి పుట్టినరోజుకో పంచిన కేకు, టీలో ముంచుకున్న బిస్కెట్లు. ఇంట్లో వంట చేసే మనిషికి ఇవన్నీ కలిస్తే ఒక పూట భోజనమంత అవుతాయి.

రాయడం మొదలుపెట్టిన రోజే రెండు కొలతలు తీసి మొదటి పేజీలో రాయండి. ఒకటి బరువు: పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు. రెండోది నడుము: కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. మనవాళ్ళకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైందని లెక్క. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 65 కిలోలు, 1.55 మీటర్లు ఉన్న మనిషికి అది 27. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కిస్తారు. పాశ్చాత్యులకు వాడే 25, 30 చూసుకుని నిశ్చింతగా ఉండవద్దు.

పప్పు గిన్నె లెక్క

రెండు వారాలయ్యాక వంటింటి కాటా ఒకటి కొనండి. 5 కిలోల దాకా తూగేది, గ్రాము తేడా చూపించేది చాలు. అయిదు వందల రూపాయల లోపే దొరుకుతుంది. దాని మీద ఉండే టేర్ బటన్ నొక్కితే పైన పెట్టిన గిన్నె బరువు సున్నా అవుతుంది. ఆ తర్వాత వేసిన సరుకు బరువే కనబడుతుంది.

ముందుగా మీ ఇంట్లో రోజూ వాడే గిన్నెలన్నీ ఖాళీగా తూచి, ఆ బరువుల పట్టిక అలమర తలుపు లోపలివైపు అంటించండి. పది నిమిషాల పని. ఇది లేకపోతే వండిన కూరను మరో గిన్నెలోకి వంచి తూచాలి, నాలుగో రోజుకు విసుగొచ్చి మానేస్తారు.

ఇక టమాటా పప్పు. కుక్కర్‌లో వేసే ముందే తూచాలి. కందిపప్పు 150 గ్రాములంటే సుమారు 500 క్యాలరీలు. టమాటాలు 200 గ్రాములకు 40, ఒక ఉల్లిపాయకు 35 వేసుకోండి. పోపుకు మూడు చిన్న చెంచాల నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, 125. మొత్తం 700. పప్పు మెదిపి, పోపు పెట్టాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. మిగిలింది కిలో అనుకుంటే 100 గ్రాముల పప్పుకు 70 క్యాలరీలు. మా ఇంటి గరిటెకు 100 గ్రాములు వస్తుంది, కాబట్టి గరిటె పప్పు అంటే 70. గరిటెన్నర వేసుకుంటే 105. నలుగురిలో ఎవరు ఎంత వడ్డించుకున్నా లెక్క అందరికీ ఒకటే పనిచేస్తుంది, ఎవరి కోసమూ విడిగా వండనక్కరలేదు.

ఇదే పద్ధతిలో మీ ఇంట్లో తిరిగి తిరిగి వచ్చే కూరలు, చారు, చట్నీలు ఒక్కోసారి తూచి పుస్తకం వెనక రాసిపెట్టుకోండి. ఏ ఇంట్లోనైనా వంటలు అవే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. నెల తిరిగేసరికి మీ ఇంటి పట్టిక మీకు తయారవుతుంది, రోజూ తూచే పని తప్పుతుంది. పచ్చి సరుకుల విలువలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలను నమ్మవచ్చు. 528 పదార్థాల వివరాలు అందులో ఉన్నాయి.

అన్నం విషయంలో ఒక్క జాగ్రత్త. బియ్యం 100 గ్రాములకు దాదాపు 350 క్యాలరీలు. అవి ఉడికితే మా ఇంట్లో 270 గ్రాముల అన్నం అవుతుంది. అంటే 100 గ్రాముల అన్నానికి 130. బియ్యం అంకెను అన్నానికి వేసినా, అన్నం అంకెను బియ్యానికి వేసినా లెక్క రెండింతలకు పైగా తారుమారవుతుంది. పుస్తకంలో 'బియ్యం' అని రాశారా 'అన్నం' అని రాశారా చూసుకోండి.

చపాతీకి, జొన్నరొట్టెకు, రాగి సంకటికి మారితే క్యాలరీలు వాటంతటవే తగ్గుతాయనే నమ్మకం చాలామందిలో ఉంది. పిండి గ్రాముల్లో చూస్తే గోధుమ, జొన్న, రాగి, బియ్యం ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి. జొన్న, రాగుల్లో పీచు ఎక్కువ, ఆకలి నిదానంగా వేస్తుంది. ఆ మేలు ఉంది. కానీ నాలుగు చపాతీలు నూనె రాసి కాల్చుకుని, అన్నం మానేశామని తృప్తిపడితే బరువు కదలదు.

నూనె డబ్బా

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, మన ఇళ్ళలో అసలు దాగుడుమూతలు ఇక్కడే కాబట్టి. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 క్యాలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది. నెలకు ఇంట్లోకి ఎన్ని నూనె ప్యాకెట్లు వస్తున్నాయో చూడండి. లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములు అని ఉందనుకుందాం. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు ప్యాకెట్లు అయిపోతే ఒక్కొక్కరి వంతుకు రోజుకు 30 గ్రాములు, అంటే 270 క్యాలరీలు. నెయ్యి, ఊరగాయల నూనె ఇందులో లేవు.

పొద్దుటి ఇడ్లీనే తీసుకోండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది కాబట్టి ఎవరికీ దాని మీద అనుమానం ఉండదు, ఉండనక్కరలేదు కూడా. పక్కన ఉన్న పల్లీ చట్నీలో ఒక మనిషి వంతుకు 30 గ్రాముల గుళ్ళు పడితే అవి 170 క్యాలరీలు. కారప్పొడిలో రెండు చిన్న చెంచాల నెయ్యి మరో 80. రెండూ కలిపి 250. ఇడ్లీలు ఎన్ని తిన్నారో మాత్రమే రాసుకునేవాళ్ళకు ఇది ఎన్నటికీ కనబడదు.

మా అత్తగారు నూనె చేతి అంచనాతోనే పోసేవారు. ఆవిడ చేతి వంటకు పేరుంది, ఆ చేతిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. 'అత్తయ్యా, మీరెంత పోస్తారో అంతే పోయండి, కాకపోతే ఈ చిన్న గిన్నెలోంచి పోయండి' అని పొద్దున్నే రోజుకు సరిపడా నూనె తూచి స్టీలు గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెట్టాను. మొదట నలుగురికీ రోజూ పడే 120 గ్రాములే పోశాను. తర్వాత వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ వచ్చాం. రుచి ఎక్కడ చెడుతుందో, ఏ కూరకు తగ్గించవచ్చో ఆవిడకు తెలిసినంతగా నాకు తెలియదు. వంకాయకు పోసి, సొరకాయకు తగ్గించారు. మీ ఇంట్లో వంట చేసేది మీరు కాకపోతే ఈ మాట గుర్తుపెట్టుకోండి. వంట చేసేవాళ్ళను కలుపుకోకుండా నూనె తగ్గదు.

ఎంత తగ్గించాలి

రెండు వారాల రాతను మీ ఇంటి పట్టికతో క్యాలరీల్లోకి మార్చుకోండి. ఆ రెండు వారాల్లో బరువు నిలకడగా ఉంటే, ఆ రోజుల సగటే మీ ఒంటికి సరిపోతున్న తిండి. అందులోంచి 300 నుంచి 500 క్యాలరీలు తగ్గించండి చాలు. సరిచూసుకోవడానికి ఒక ఆధారం: ఎక్కువగా కూర్చుని పనిచేసే 65 కిలోల మగవారికి రోజుకు 2,110, 55 కిలోల ఆడవారికి 1,660 క్యాలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పాయి. మీ రాతల సగటు దీనికంటే మరీ తక్కువ వచ్చినా బరువు తగ్గడం లేదంటే, రాయనివి ఏవో ఉన్నాయి. వైద్యుడి సలహా లేకుండా 1,200 కంటే కిందికి మాత్రం దిగవద్దు.

300 తగ్గించడమంటే ఏమిటో చెబుతాను. పూటకు 350 గ్రాముల అన్నం తినేవారు ఒక పూట 250కి వస్తే 130 తగ్గాయి. నూనె వంతు 30 గ్రాముల నుంచి 18కి వస్తే 108. రోజుకు మూడు టీల్లో రెండేసి చెంచాల చక్కెర ఒక్కో చెంచాకు వస్తే 60. అంతే, అన్నమూ ఉంది, టీ కూడా ఉంది. కంచంలో ఖాళీ అయిన చోట కూర పెట్టండి. కూరను నంజుకోవడానికన్నట్టు రెండు చెంచాలు వేసుకునే అలవాటు మనది. దాన్ని తిరగేసి కూర ముందు పెట్టుకుని, దానికి సరిపడా అన్నం వడ్డించుకోండి.

మాంసకృత్తులు తగ్గకూడదు. అవి తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు ఆరోగ్యవంతులైన పెద్దలకు సిఫార్సు చేసిన మోతాదు. బరువు తగ్గే రోజుల్లో గ్రాముకు తగ్గకుండా చూసుకుంటే మంచిది. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల పెరుగులో 3, 100 గ్రాముల పచ్చి పెసల్లో సుమారు 24. శాకాహారులు పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు అనుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. మూత్రపిండాల సమస్య ఉన్నవారు ఈ లెక్క వైద్యుడినే అడగాలి.

అలాగే ఇన్సులిన్ గాని షుగర్ మాత్రలు గాని వాడేవారు చెప్పకుండా తిండి తగ్గిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. ముందు మందుల మోతాదు మాట్లాడుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ పని సొంతంగా చేయవద్దు. మా అబ్బాయి అడిగినా వాడి కంచం తూచనివ్వను. అంకెలు చూసినప్పుడల్లా భయం, అపరాధభావం కలిగేవారు కూడా పుస్తకం మూసేయండి. వాళ్ళకు తూకం కంటే మాట్లాడే మనిషి అవసరం.

నడక గురించి ఒక్క మాటే. అరగంట చురుకైన నడకకు సుమారు 100 నుంచి 150 క్యాలరీలు ఖర్చవుతాయి. గుండెకు, షుగరుకు, నిద్రకు నడక ఎంతో మేలు, తప్పక నడవండి. ఆ క్యాలరీలను మాత్రం తిండి పుస్తకంలో జమ వేసుకోకండి.

అంకె కదలనప్పుడు

ఆవకాయ అన్నం తిన్న మర్నాడు, బిర్యానీ తిన్న మర్నాడు, నెలసరి ముందు రోజుల్లో కిలో దాకా పెరగవచ్చు. అది ఒంట్లో నిలిచిన నీరు. మొదటి వారం చకచకా తగ్గేదీ ఎక్కువ భాగం నీరే. రోజూ చూసుకున్నా సరే, వారం సగటును గత వారం సగటుతోనే పోల్చండి. వారానికి అరకిలో చొప్పున తగ్గుతుంటే చాలా బాగా తగ్గుతున్నట్టు.

మూడు వారాల సగటు ఒకేచోట ఆగిపోతే తిండి ఇంకా కోసేయకండి. ముందు పుస్తకం తీసి శని, ఆదివారాల పేజీలు చూడండి, ఖాళీగా ఉంటాయి. తర్వాత నూనె గిన్నె మళ్ళీ తూచండి, పట్టు సడలి ఉంటుంది. ఆపైన గరిటె చూడండి. పండగకు కొత్త గరిటె కొని ఉంటే 100 గ్రాములనుకున్నది 140 పడుతూ ఉండవచ్చు. ఈ మూడూ సరిగ్గానే ఉంటే అప్పుడు మరో 100 క్యాలరీలు తగ్గించి, రెండు వారాలు ఆగి చూడండి.