క్రాప్ సెన్సార్‌కి చవకైన మాన్యువల్ వైడ్ లెన్స్ ఎంచుకోవడం (నాలుగో పాఠం)

కిందటి పాఠంలో కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఎక్స్‌పోజర్ చూసుకోవడం నేర్చుకున్నాం. ఆ అలవాటు ఇప్పుడు అక్కరకొస్తుంది. ఈ పాఠంలో చూడబోయే లెన్సుల్లో మోటారు ఉండదు, చాలావాటిలో కెమెరాకు సమాచారం అందించే చిప్పూ ఉండదు. ఫోకస్, అపెర్చర్ రెండూ చేత్తో తిప్పాల్సిందే.

మాన్యువల్ ఫోకస్ అనగానే చాలామంది వెనకాడతారు. 85 మి.మీ. లెన్స్ అయితే ఆ భయం సబబే, కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీదకి జారితే ఫొటో పోయినట్టే. వైడ్ సంగతి వేరు. 12 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/8లో ఉంచి మీటరు దూరానికి ఫోకస్ పెడితే, దాదాపు అర మీటరు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఆటోఫోకస్‌కి ఇక్కడ పెద్దగా పని లేదు. ఆ డబ్బు గాజు మీద పెట్టడమే తెలివైన పని.

ఎంత వైడ్ కావాలి?

కోణాల లెక్కలకన్నా గోడ లెక్క తేలిక. 1.5 క్రాప్ సెన్సార్ (పాత ఫిలిం సైజున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ కన్నా ఒకటిన్నర రెట్లు చిన్నది) వెడల్పు సుమారు 23.5 మి.మీ. దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. అంకె) భాగించి, గోడకు మీరున్న దూరంతో గుణించండి. పదడుగుల దూరంలో నిలబడితే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 18 మి.మీ. దగ్గర 13 అడుగుల గోడ పడుతుంది. 16 మి.మీ.కి దాదాపు 15 అడుగులు, 12 మి.మీ.కి 19 అడుగుల పైన, 10 మి.మీ.కి 23 అడుగుల పైన. కెనాన్ క్రాప్ సెన్సార్ కాస్త చిన్నది కాబట్టి అందులో ప్రతిదీ కొంచెం తగ్గుతుంది.

అంటే 16 మి.మీ. కొంటే కిట్ లెన్స్ మీద దక్కేది రెండడుగుల లోపే. వెలుతురు కోసం కొంటే సరే, వెడల్పు కోసమైతే 12 దగ్గర మొదలుపెట్టండి. 10కి దిగితే అంచున నిలబడ్డ మనిషి తల సాగిపోతుంది. గది లోపలి ఫొటోలకు అది బాగుంటుంది, పెళ్లి బృందానికి పనికిరాదు.

పాత ఫిలిం కాలపు 28 మి.మీ. లెన్స్ "వైడ్" అన్న పేరుతో చవగ్గా దొరుకుతుంది. క్రాప్ సెన్సార్ మీద అది 42 మి.మీ.కి సమానం, మామూలు చూపే. ఈ పనికి వద్దు.

మౌంట్: ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు

మౌంట్ అంటే లెన్స్ కెమెరాకు బిగుసుకునే చోటు. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) లెన్స్ కొని అడాప్టర్‌తో మిర్రర్‌లెస్‌కి తగిలిద్దామని చాలామందికి అనిపిస్తుంది. పొడుగు లెన్సులకు అది బాగానే నడుస్తుంది. వైడ్‌కి ఎందుకు నడవదో ఒక లెక్క చూడండి. 12 మి.మీ. లెన్స్ ఇన్ఫినిటీ (అనంత దూరం) నుంచి మీటరు దూరానికి ఫోకస్ మారాలంటే, మొత్తం గాజు ముందుకు జరిగే దూరం సుమారు 0.14 మి.మీ. మాత్రమే (12ని 12తో గుణించి 1000తో భాగించండి). చవక అడాప్టర్ ఉండాల్సినదానికన్నా 0.1 మి.మీ. మందంగా ఉందనుకోండి. రింగు ఇన్ఫినిటీ గుర్తు మీద ఉన్నా ఫోకస్ ఒకటిన్నర మీటరు దగ్గరే ఆగుతుంది, దూరపు కొండ మసకబారుతుంది. అందుకే అడాప్టర్లు కాస్త పలచగానే చేస్తారు. అప్పుడు ఇన్ఫినిటీ అందుతుంది గానీ రింగు మీది అంకెలకు అర్థం ఉండదు. మీ కెమెరా మౌంట్‌లోనే తయారైన లెన్స్ తీసుకోండి.

మిర్రర్‌లెస్ వాళ్లకు శామ్యాంగ్ 12 మి.మీ. ఎఫ్/2 నమ్మదగ్గ ఎంపిక: బరువు పావు కిలో, 67 మి.మీ. ఫిల్టర్ నేరుగా పడుతుంది. ఇంకా వైడ్ కావాలంటే లావోవా 9 మి.మీ. ఎఫ్/2.8 ఉంది, గీతలు వంకరపోకపోవడం దాని ప్రత్యేకత. డీఎస్ఎల్ఆర్ వాళ్లకు శామ్యాంగ్‌లోనే 10 మి.మీ. ఎఫ్/2.8, 16 మి.మీ. ఎఫ్/2 ఉన్నాయి. అదే కంపెనీ 14 మి.మీ. ఎఫ్/2.8 ఫుల్‌ఫ్రేమ్ కోసం చేసింది, ముందు గాజు ఉబ్బి ఉండటంతో ఫిల్టర్ బిగించలేం. దాంతో తీసిన గోడ గీత మీసంలా మెలికపడుతుంది, మామూలు స్లయిడర్‌తో అది సరికాదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ లెన్స్ ప్రొఫైల్ (దాని వంకరను సరిచేసే సెట్టింగ్) ఎంచుకోవాలి.

నికాన్ డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో చిప్ లేని లెన్స్ పెడితే మీటరింగ్ (వెలుతురు కొలత) పనిచేయదు. నికాన్‌కి శామ్యాంగ్ "ఏఈ" రకం అడిగి తీసుకోండి. అందులో చిప్ ఉంటుంది. అపెర్చర్ రింగును ఎఫ్/22 దగ్గర ఉంచితే అపెర్చర్ కెమెరా నుంచే మారుతుంది.

ఎఫ్/2, ఎఫ్/2.8 తేడాకి డబ్బు పెట్టాలా? పగలు కొండలూ లోయలే తీస్తే అక్కర్లేదు. లేపాక్షి మండపం పైకప్పు చిత్రాల్లాంటివి తీయాలంటే మాత్రం పెట్టాలి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి, అది లేకపోతే చేతిలో పట్టుకుని చీకట్లో తీయాల్సిందే.

ఇంటికొచ్చాక, వాపసు గడువు లోపల

చవక లెన్సుల్లో అసలు చిక్కు డిజైన్‌లో కన్నా బిగింపులో ఉంటుంది. లోపలి గాజు ఒకటి పక్కకు జరిగితే ఒక మూల మసకబారుతుంది. ఒకే మోడల్‌లో ఒకటి బాగుండి, ఇంకొకటి బాగుండకపోవడానికి కారణం ఇదే.

రాత్రి డాబా మీద ట్రైపాడ్ పెట్టండి. దూరంగా సెల్ టవర్ మీది ఎర్ర దీపం ఫ్రేము మధ్యలో ఉండేలా చూసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, స్క్రీన్ పెద్దది చేసి ఫోకస్ పెట్టండి. ఇక రింగు ముట్టుకోవద్దు. దీపాన్ని నాలుగు మూలలకూ తెస్తూ నాలుగు ఫొటోలు తీయండి. నాలుగు మూలల్లోనూ దీపం ఒకేలా రెక్కలు విప్పినట్టు సాగితే అది ఆ డిజైన్ గుణం, లోపం కాదు. మూడు చోట్ల చుక్కలా ఉండి నాలుగో చోట తోకచుక్కలా సాగితే వెనక్కి పంపేయండి.

ఇటుక గోడతో పరీక్షిస్తే ఒక జాగ్రత్త. కెమెరా కొంచెం వంకరగా ఉన్నా మంచి లెన్స్ కూడా దోషిలా కనిపిస్తుంది. కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక ఫ్రేములో అదే మూలలో ఉంటే తప్పు లెన్స్‌ది. గోడ మీద అదే ఇటుక దగ్గర ఉంటే తప్పు మీరు నిలబెట్టిన తీరుది.

కెమెరా సెట్టింగులు

"లెన్స్ లేకుండా షటర్" అన్న ఆప్షన్ ఆన్ చేయండి. లేకపోతే చిప్ లేని లెన్స్‌తో కొన్ని కెమెరాలు షటరే నొక్కనివ్వవు, లెన్స్ పాడైందని కంగారు పడతారు. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ మీరే చెప్పాలి: 12 అనే ఇవ్వండి, 18 కాదు. ఫోకస్ పీకింగ్‌ని (ఫోకస్‌లో ఉన్న అంచులను స్క్రీన్ మీద రంగుతో చూపే ఏర్పాటు) ఇక్కడ నమ్మకండి. వైడ్‌లో సగం ఫ్రేము రంగు మెరుస్తూనే ఉంటుంది, స్క్రీన్ పెద్దది చేసి చూసిందే నిజం.

ఈ వారం పని

పగటిపూట అరకిలోమీటరు పైన దూరంలో ఉన్న నీళ్ల ట్యాంకునో గోపురాన్నో ఎంచుకోండి. ఎఫ్/2లో స్క్రీన్ పెద్దది చేసి, రింగును అటూ ఇటూ కదుపుతూ అంచు అన్నిటికన్నా పదునుగా ఉన్న చోట ఆపండి. అది రింగు మీది ఇన్ఫినిటీ గుర్తుతో కలవకపోవచ్చు, ఈ లెన్సుల్లో అది మామూలే. రింగుకీ బ్యారెల్‌కీ కలిపి తెల్ల టేపు అంటించి, కలిసే చోట బ్లేడుతో కోసి, సన్న పెన్నుతో రెండు వైపులా గీత గీయండి. తర్వాత కొలత టేపుతో కొలిచి మీటరు దూరంలో ఒక పుస్తకం నిలబెట్టి రెండో గీత పెట్టండి. ఈ రెండు గీతలూ ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచి రాసుకోండి. వచ్చే పాఠంలో గండికోట రాత్రి ఆకాశాన్ని 17 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీసేటప్పుడు మొదటి గీతతోనే పని.